కళ్ళు లేని కేటలాగు

ఈ మధ్య ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు నంద్యాలలో మా ఇంటికి వచ్చారు. వాళ్ళకు కూడా ఫ్యాక్టరీలు తిరిగి చూసే పనే ఇచ్చారట. "మేడమ్, లోపలికి పోగానే మీరు మొదట ఏం చూసేవారు?" అని అడిగి నోటుపుస్తకాలు తెరిచారు. గంటసేపు గొప్పలు చెప్పుకున్నాను. ఎవరి అబద్ధం ఎలా పట్టుకున్నానో, ఎవరి ముఖం ఎలా మాడిపోయిందో అన్నీ చెప్పాను. వాళ్ళు వెళ్ళాక గుర్తొచ్చింది, నా సంతకం వల్ల ఒక శిల్పశాల మూతపడబోయిన సంగతి మాత్రం చెప్పలేదని. అది చెప్పకపోతే మిగతావన్నీ కోతలే. అందుకని కూర్చుని రాస్తున్నాను.

మా ఆఫీసు పని చిన్న పరిశ్రమలకు సలహాలివ్వడం. తొంభైల్లో మేము చూసినవి యంత్రాలు, కరెంటు, సరుకు నాణ్యత. రెండు వేలు దాటాక కొత్త పని వచ్చి పడింది. ఒక తయారీ సంస్థ కంప్యూటరు మీద వ్యాపారం చేయగలదా లేదా చూసి చెప్పాలి. ఈమెయిలులో ఆర్డరు వస్తే అందుకోగలరా, సరుకు ఫొటోలు నెట్‌లో పెట్టగలరా, ఫొటోలో చూపించిన సరుకే చెప్పిన రోజుకు పంపగలరా అని నాలుగు పేజీల ఫారం నింపి, చివర "సిద్ధం" అనో "సిద్ధం కాదు" అనో రాసి సంతకం పెట్టాలి.

ఈ పనికి నన్ను ఏరికోరి వేశారు. నేను పుట్టు అనుమానపు మనిషిని. "పెళ్ళిపత్రిక ఇచ్చినా నువ్వు వెనక్కి తిప్పి ప్రెస్సు పేరు చూస్తావు" అని మా ఆయన ఎగతాళి చేసేవారు. నిజమే, చూస్తాను. ఇప్పటికీ చూస్తాను.

పసుపు కుంకుమ పెట్టిన కంప్యూటరు

నేను చూసిన మొదటి ఫ్యాక్టరీ నంద్యాలలోనే, ప్లాస్టిక్ పైపులు చేసేది. యజమాని శెట్టిగారు నన్ను చల్లటి గదిలో కూర్చోబెట్టి సోడా తెప్పించాడు. టేబులు మీద కంప్యూటరు, దానికి ఆయుధపూజ నాటి పసుపు కుంకుమ, పైన పూల గుడ్డ.

"మాకు అంతా ఈమెయిలే మేడమ్. కాగితం ముట్టుకోం" అన్నాడు.

"సంతోషం. అయితే మా ఆఫీసుకు ఒక మెయిలు పంపించండి. అది పోయేదాకా ఈ సోడా తాగుతూ కూర్చుంటాను."

"ఇప్పుడు లైను దొరకదు మేడమ్. మధ్యాన్నం మీద సిగ్నల్ బాగుంటాది."

నేను లేచి టేబులు వెనక్కి వెళ్ళాను. టెలిఫోను వైరు కంప్యూటరుకు తగిలించి లేదు. కిటికీ ఊచకు ముడేసి ఉంది. వైరును చూశాను, శెట్టిగారిని చూశాను.

"పిల్లి లాగినట్టుంది మేడమ్" అన్నాడు.

ముడి కూడా పిల్లే వేసిందా అని అడగబోయి, సోడా తాగిన మొహమాటానికి ఊరుకున్నాను. "సిద్ధం కాదు" అని రాసి వచ్చేశాను. మా పై అధికారి రంగనాయకులు గారు ఆ రిపోర్టు చదివి నవ్వారు. తర్వాత కళ్ళజోడు తీసి, "బాగా పట్టావమ్మాయ్. కానీ ఒక మాట. ఏదైనా లేదని రాసేముందు, అది ఎందుకు లేదో కూడా అడుగు" అన్నారు.

నేను తల ఊపాను గానీ లోపల అనుమానమే. ఈయనకు శెట్టిగారితో ఏదో చుట్టరికం ఉందేమో అనుకున్నాను. ఆ ముక్క అప్పుడే సరిగ్గా చెవికెక్కించుకుని ఉంటే ఈ కథే లేదు.

ఆళ్లగడ్డలో తెరవని కళ్ళు

ఆళ్లగడ్డలో ఓబులేసు శిల్పశాల కడప రోడ్డు పక్కన రేకుల షెడ్డు. లోపలా బయటా సగం చెక్కిన దేవుళ్ళు. పదిమంది పనివాళ్ళు ఉలులతో కొడుతుంటే మాట వినపడాలంటే అరవాల్సిందే. ఓబులేసుకు నలభై ఉంటాయి. తండ్రి దగ్గర చెక్కుడు పని నేర్చుకున్నాడు, ఇంటరు చదివాడు, ఊళ్ళో అందరికంటే ముందు కంప్యూటరూ డిజిటల్ కెమెరా కొన్నాడు. నేను అడగకముందే కూర్చుని మా ఆఫీసుకు మెయిలు కొట్టి చూపించాడు. అప్పుడు కూడా వంగి వైరు చూశాను. తగిలించే ఉంది.

అతని అవసరం పెద్దది. మలేసియాలో మనవాళ్ళు ఒక గుడి కట్టుకుంటున్నారు. మూలవిరాట్టుగా మూడడుగుల నరసింహస్వామి కావాలని, అది నచ్చితే మిగతా దేవతల విగ్రహాలన్నీ ఇక్కడే చేయిస్తామని కమిటీవాళ్ళు మెయిలు పంపారు. అంత దూరం నుంచి వచ్చి చూడలేరు కాబట్టి, ఈ శిల్పశాల ఈమెయిలు మీద నమ్మకంగా పని చేయగలదని బయటి సంస్థ ఒకటి రాసివ్వాలన్నారు. ఆ రాసిచ్చేదాన్ని నేను.

"ఈ ఆర్డరు వచ్చిందంటే రెండేండ్లు షెడ్డు నిలబడతాది మేడమ్" అన్నాడు ఓబులేసు. "రాకుంటే ఈ పదిమందీ బెంగుళూరికి పోతారు, బండల పాలిషింగు పనికి. ఇంగ నేనూ వాళ్ళెంబడే."

కంప్యూటరులో కేటలాగు చూపించమన్నాను. చక్కటి ఫొటోలు. ఆంజనేయుడి తోక మీద వెంట్రుకలు, అమ్మవారి చీర మడతలు, అన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. కానీ ఒక్క విగ్రహానికీ కళ్ళు లేవు. రెప్పల గీత ఉంది, లోపల ఉత్త రాయి.

"ఏంటిది, పని పూర్తి కాకముందే ఫొటోలు తీశారా?"

"పూర్తయింది మేడమ్. కండ్లు గుడికాడ తెరుస్తారు. ప్రతిష్ఠనాడు వీరాచారి మామ పోయి తెరుస్తాడు."

"మలేసియాకు కూడా ఆయనే పోతాడా?"

"పోవాల మేడమ్. పాస్‌పోర్టు చేపిస్తాండాం."

నాలో గంట మోగింది. చివరి పని ఒక్క మనిషి చేతిలో ఉందంటే అక్కడ ఏదో ఉన్నట్టే. ఫ్యాక్టరీల్లో ఇలాంటివాళ్ళను చాలామందిని చూశాను. బాయిలరు మర్మం ఎవరికీ చెప్పని ఆపరేటరు, రంగు కలిపేటప్పుడు తలుపేసుకునే మేస్త్రి. తాము లేకపోతే చక్రం తిరగకూడదని చూసే రకం.

వీరాచారి షెడ్డు మూలన మడిచిన గోనెపట్టా మీద కూర్చుని ఒక విగ్రహం వేళ్ళు చెక్కుతున్నాడు. డెబ్భై దాటిన మనిషి. ఓబులేసు తండ్రీ ఈయనా ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారట. నడుముకు చిన్న గుడ్డసంచి కట్టుకున్నాడు. కళ్ళు తెరిచే ఉలి అందులో ఉంటుందని ఓబులేసు చెప్పాడు.

"ఆ ఉలి ఒకసారి చూపిస్తారా?" అన్నాను.

"అది చూపించేది కాదమ్మా."

"ఆ పనికి ఎంతసేపు పడుతుంది?"

"గడియ."

"గడియ పనికి సముద్రం దాటి పోవడమెందుకు? ఇక్కడే చేసి పంపకూడదా?"

ఆయన చేతిలో సుత్తి పక్కన పెట్టి నా ఫారం వైపు చూశాడు. "ఈడ తెరిస్తే ఆయప్ప ఎవర్ని చూడాల? మమ్మల్నా? నేను చెప్తా, సరే. నువ్వు దాన్ని ఆ కాగితంలో యాడ రాస్తావు?"

ఒళ్ళు మండింది నాకు. చదువుకున్న ఆడదాన్ని పదిమందిలో వెక్కిరించాడనుకున్నాను. ఆయన అడిగింది నిజమైన ప్రశ్న అని, కాస్త ఓపిక పట్టి పక్కన కూర్చుంటే జవాబు కూడా ఆయనే చెప్పేవాడని తట్టలేదు. అలాగని ఆయనలో మాత్రం గర్వం లేదని నేను ఇప్పటికీ అనను. కొంచెం ఉండేది. మా ఇద్దరి గర్వాల మధ్య ఓబులేసు నలిగాడు.

"సిద్ధం కాదు" అని రాశాను. సరుకు ఫొటోలు అసంపూర్ణంగా ఉన్నాయని, చివరి దశ ఒకే వ్యక్తి గుప్పిట్లో ఉందని, ఆ వ్యక్తి వివరాలు చెప్పడానికి నిరాకరించాడని కారణాలు చూపించాను. బయటికి వస్తూ ఓబులేసుతో గట్టిగానే అన్నాను:

"కొనేవాడికి పూర్తయిన సరుకు చూపించు నాయనా. కళ్ళు లేని బొమ్మను ఎవరు తీసుకుంటారు?"

బొమ్మ అన్న మాట దగ్గర వీరాచారి సుత్తి చప్పుడు ఆగింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

గోనెసంచి

నెలన్నర తర్వాత ఓబులేసు ఫోను చేశాడు. మలేసియావాళ్ళ స్వామి తయారయ్యాడని, ఫొటోలు కూడా తీశానని, ఒకసారి వచ్చి చూసి రాసివ్వమని అడిగాడు. వెళ్ళాను. ఫొటోలో నరసింహస్వామికి కళ్ళున్నాయి. గుండ్రంగా, నేరుగా మనల్నే చూస్తున్నట్టు. చెప్పొద్దూ, గొప్పగా వచ్చాయి.

"ఎవరు చేశారు?"

"నేనే మేడమ్" అన్నాడు, గొంతు తగ్గించి.

వీరాచారి మూల ఖాళీగా ఉంది. గోనెపట్టా కూడా లేదు. ఆయన పదిహేను రోజులుగా రావడం లేదని ఓబులేసు చెప్పాడు. అలిగాడనుకున్నాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? వేరే శిల్పశాలకు పోయి ఈ ఆర్డరు వివరాలు అమ్ముకుంటున్నాడేమోనని నా డైరీలో రాసుకున్నాను కూడా.

షెడ్డు నడిమధ్య స్వామి నిలబడి ఉన్నాడు. తల మీద నుంచి మెడ దాకా గోనెసంచి తొడిగారు. దుమ్ము పడకుండా అనుకున్నాను. పనివాళ్ళంతా బయట ఎండలో, షెడ్డుకు వీపు పెట్టి కూర్చుని చెక్కుతున్నారు.

"లోపల అంత నీడ ఉంటే ఎండలో ఎందుకు కూర్చున్నారు?" అని సుంకన్న అనే పనివాణ్ణి అడిగాను.

"గాలికి మేడమ్" అన్నాడు, తలెత్తకుండా.

ఆ రోజు ఒక్క ఆకు కదలడం లేదు. శెట్టిగారి పిల్లిని నమ్మనిదాన్ని, సుంకన్న గాలిని నమ్మేశాను. నా మాట నెగ్గిందన్న సంబరంలో ఉన్నాను మరి. అక్కడే బల్ల మీద ఫారం పెట్టి "సిద్ధం" అని రాసి, కింద గీత కూడా గీసి సంతకం పెట్టాను.

రెండు వారాలకు ఓబులేసు బస్సెక్కి నంద్యాల వచ్చాడు. ఒక కాగితం నా టేబులు మీద పెట్టాడు. కమిటీవాళ్ళ మెయిలు. మర్యాదగానే రాశారు. ఫొటోలో స్వామి కళ్ళు తెరిచి ఉన్నాయని తమ పూజారి గమనించారట. శిల్పశాలలోనే కళ్ళు తెరిచి, ఇన్ని రోజులు పూజా నైవేద్యమూ లేకుండా ఉంచిన మూర్తిని గర్భగుడిలో పెట్టుకోలేమని, పనితనం మీద తమకు ఏ సందేహమూ లేదని, ఆర్డరు వేరేవాళ్ళకు ఇస్తున్నామని, మన్నించమని రాశారు.

"మిమ్మల్నేం అనడంలేదు మేడమ్" అన్నాడు ఓబులేసు. "మీకు తెలియక చెప్పినారు. నేను తెలిసీ చేసినాను. షెడ్డు నిలబడతాదనే ఆశ. ఇప్పుడు మనుషులు లోపలికి రావడంలేదు. కండ్లు తెరిసి పస్తు పెట్టిన సామి ముందర ఉలి పట్టుకోం అంటాండారు. నలుగురు బెంగుళూరికి పోయిరి. ఊళ్ళ నుంచి వచ్చే గుళ్ళవాళ్ళు కూడా గడపకాన్నుంచే మళ్ళుకుంటాండారు."

ఇంత విన్నాక కూడా నాకు మొదట వచ్చిన ఆలోచన, ఆ పూజారికి ఎవరు ఉప్పందించారా అని.

"వీరాచారి ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"ఏమో మేడమ్. నేను షెడ్డుకు పోకముందే రోజూ పొద్దున దాని వెనకాల కనపడతాండాడని అంటారు."

ఇంకేం, దొరికాడనుకున్నాను.

బెల్లం ముక్క

మర్నాడు మొదటి బస్సుకే ఆళ్లగడ్డలో దిగాను. అప్పుడే పొద్దు పొడుస్తోంది. షెడ్డు వెనక తడిక తీసి ఉంది. చెప్పులు విడిచి చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళాను. భక్తితో కాదు, పట్టుకోవడానికి.

వీరాచారి స్వామి ముందు నిలబడి ఉన్నాడు. గోనెసంచి తీసి శుభ్రంగా మడిచి పక్కన పెట్టాడు. పీఠం మీద మోదుగాకు, ఆకులో బెల్లం ముక్క, పక్కన స్టీలు గ్లాసుతో నీళ్ళు.

"ఏం చేస్తున్నారిక్కడ?" అన్నాను, పోలీసు గొంతుతో.

ఆయన ఉలిక్కిపడలేదు. "పెడతాండా" అన్నాడు.

"ఎవరికి?"

"కండ్లు తెరిసినాక ఆకలైతాది గదమ్మా. గుళ్ళో అయితే అయ్యవారు పెడతాడు. ఈడ పెట్టేదెవరు? తెరిసినోడు భయపడి సంచి కప్పె. పనోళ్ళు బయటికి పోయిరి. ఈయప్ప ఒక్కడే అయిపాయె." నీళ్ళ గ్లాసు కాస్త ముందుకు జరిపాడు. "ఈడ తెరవొద్దు అంటే ఇందుకే. తెరిసినపొద్దు నుంచి రోజూ పెట్టేటోళ్ళు ఉండాల. ఉండారని తెలిసినాకే తెరుస్తాం."

"మలేసియావాళ్ళకు మీరేమైనా..." అని సగంలో ఆగాను.

"నేనా? నాకు తెలుగులో చేవ్రాలే సరిగ్గా రాదు తల్లీ" అని నవ్వాడు.

నా తల తీసేసినట్టయింది. ఆ మనిషి నెల రోజులుగా పని మానింది నిజం. రహస్యంగా వచ్చిపోతున్నదీ నిజం. నా అనుమానంలో వాస్తవాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, మనిషి ఒక్కడే తప్పు. అక్కడే రాళ్ళపొట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఉద్యోగంలో ఉండగా ఇంకొకరి ముందు ఏడ్చింది ఆ ఒక్కసారే. ఆయన ఓదార్చలేదు. ఆకులో బెల్లం తీసి సగం విరిచి నా చేతిలో పెట్టాడు.

రంగనాయకులు గారికి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. "ఎందుకు లేదో అడగలేదు కదూ" అని మాత్రం అన్నారు. తప్పు శిల్పశాలది కాదు, మా ఆఫీసు తరఫున నాది అని కమిటీకి ఉత్తరం రాస్తానంటే, ఆఫీసు కాగితం మీదే రాయమన్నారు. రాశాను. మంచి జవాబే వచ్చింది గానీ పోయిన ఆర్డరు తిరిగి రాలేదు.

మొదటి ముద్ద

ఇక షెడ్డు నిలబడాలంటే ఆ స్వామికి ఒక ఇల్లు దొరకాలి. ఆఫీసుకు సెలవు పెట్టి ఓబులేసుతో కలిసి వెలుగోడు దాకా తిరిగాను. కొత్తగా కడుతున్న గుళ్ళవాళ్ళు ఫొటో చూసి ఆశపడేవాళ్ళు, సంగతి వినగానే నీళ్ళు నమిలేవాళ్ళు. చివరికి వీరాచారే అన్నాడు, "అహోబిలం దోవలో చెంచుగూడెం ఉంది. వాళ్ళింటి ఆడపిల్లను పెండ్లి చేసుకున్నాడు గదా ఈయప్ప. అత్తగారింట్లో అడిగి చూద్దాం."

నాకు ఇదీ అనుమానమే. అందరూ వద్దన్నదాన్ని అడవిలోవాళ్ళకు అంటగట్టడం కాదా ఇది? ఏదీ దాచకుండా చెప్పాలని పట్టుబట్టి, ముగ్గురం జీపులో వెళ్ళాం. గూడెం పెద్ద ఈదమ్మ అనే ముసలామె. తుమ్మబంక ఏరుతూ, నేను చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నది. మలేసియావాళ్ళు ఎందుకు వద్దన్నారో కూడా విన్నది. తర్వాత పకపకా నవ్వింది.

"అల్లుడు కండ్లు మూసుకోని వస్తాడా? దోవ ఎట్ల కనపడతాది?"

గూడెంలో అందరినీ అడిగి వారం తర్వాత కబురు చేశారు. మిగిలిన ఆరుగురు పనివాళ్ళూ స్వామిని ట్రాక్టరు మీదికి ఎక్కించారు. గోనెసంచి లేకుండా, ముఖం రోడ్డు వైపు పెట్టి తీసుకుపోయాం. గూడెం చివర బోదగడ్డి కప్పిన కొట్టం వేసి, పేడతో అలికి, ముగ్గు పెట్టి ఉంచారు. స్వామిని దించి నిలబెట్టాక వాళ్ళ పద్ధతిలో వాళ్ళు మొక్కుకున్నారు. ఈదమ్మ కొర్రన్నంలో తేనె పోసి కలిపి తెచ్చింది. పెట్టబోతూ ఆగి మా వైపు తిరిగింది.

"ఇంతకీ కండ్లు తెరిసిందెవరు?"

ఓబులేసు తల దించుకున్నాడు. వీరాచారి, ఒకరి చేతి పని గురించి ఇంకొకరు చెప్పకూడదన్నట్టు, దూరంగా చూస్తున్నాడు.

"చెయ్యి ఓబులేసుది" అన్నాను. "తెరిపించింది నేను."

ఈదమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. గిన్నె నా చేతిలో పెట్టింది.

"అట్లయితే మొదటి ముద్ద నువ్వే పెట్టు. దినామూ మేం పెడతాంలే."

నేను పెట్టాను. ఆ కళ్ళు నన్నే చూస్తున్నాయి, ఫొటోలో చూసినట్టే.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టరు తొట్టిలో సుంకన్న నా పక్కన కూర్చున్నాడు. ఆళ్లగడ్డ దగ్గర పడుతుండగా, "రేపట్నుంచి లోపలే కూర్చుంటాం మేడమ్" అన్నాడు.

ఈసారి అడిగాను. "ఎందుకు?"

"ఆయప్ప అన్నం తిన్యాడు గదా" అన్నాడు సుంకన్న.